నిన్నటి రేటు

దామలచెరువు దాటినాక రోడ్డు పక్కనే గుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ నెల. పండు పులిసిన తీపి వాసన
తలంటుకున్నా వదలదు.
గేటు బయట ట్రాక్టర్లు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి,
పాకాల మలుపు దాకా.

కాటా గదిలో నేను, ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను.
ఫ్యాను దాని వైపే తిరిగుంటాది.

తూకం అనే ఫైలు హేమాద్రి రాసిపెట్టి పోయినాడు.
ఇప్పుడు శ్రీసిటీలో ఉండాడు, ఏసీల కంపెనీలో.
పోతా పోతా చెప్పినాడు:
"దీనికి మూడు చెప్పాల దేవసేనక్కా. తేదీ, రకం, రేటు.
ఊరికే పిలిస్తే కసురుకుంటాది."

బయట నుంచి పిలిస్తే సులువంట,
పేరు పక్కనే మూడూ రాసి ఎంటర్ కొట్టడమే.
నేనేమో పొద్దున తెరిచిన నల్ల కిటికీ మూయను.
మూస్తే అందాక కూడిన మొత్తాలన్నీ పోతాయి.
అందుకే లోపల్నుంచే పిలుస్తా.
అట్లా పిలవాలంటే ముందు ఒక లిస్టు సర్దాల:
సున్నా జాగాలో ఫైలు పేరు, ఒకటిలో తేదీ,
రెండులో బెంగుళూరా, మూడులో రేటు.

సున్నాలో దాని పేరు దానికే ఎందుకని అడిగినా.
హేమాద్రి కౌంటరు వైపు గడ్డం చూపించినాడు.
ఒకాయన వంగి చెప్తా ఉండాడు:
"దొరస్వామి. పెనుమూరు. బెంగుళూరా. రెండున్నర టన్ను."
"చూసినావా, కాయతో ఎవరూ మొదలుపెట్టరు."

వరస తప్పినా అది అడ్డం చెప్పదు.
ఒకసారి రేటు జాగాలో తేదీ పడింది.
కిలో ఇరవై రెండని చీటీ కక్కింది.
ఆ రైతు దాన్ని లైటుకు పట్టి చూసి
వెనక్కిచ్చేసినాడు.
"మేమంత పెట్టి పుట్టలేదు లేమ్మా."

నిన్న కిలో ఎనిమిది.
ఈ పొద్దు ఏడింటికే మేనేజరు ఫోను: ఆరు.

టీ తాగొచ్చి కూర్చున్నా. పై బాణం నొక్కినా,
నిన్న చివరగా పిలిచిన పిలుపు పైకి వచ్చింది.
ఎంటర్. ఎంటర్. ఎంటర్.
పదకొండు ట్రాక్టర్లు లోపలికి పోయినాయి,
కాయలు కడిగే తొట్టిలో మునిగినాయి.

పన్నెండోది చెంగల్రాయుడిది.
చీటీని దూరంగా పట్టి, దగ్గరగా పట్టి,
"ఈ పొద్దు ఇరవై ఏడు గదమ్మా?
ఇందులో ఇరవై ఆరు వేసిండాది."

లిస్టు తెరిచి చూసినా.
నేను సర్దనే లేదు. నిన్నటిదే ఉండాది,
కడగని గ్లాసు అడుగున టీ మరక మాదిరి.
తేదీ నిన్నటిది. రేటు నిన్నటిది.
ఆయన రేటు గురించి ఏమీ అనలా.
చూసినాడో, చూడలేదో,
చూసి తేదీ మాట ఎత్తినాడో.

గేటు కాడ అప్పటికే ఆరు రూపాయల గురించి అరుపులు.
కోత కూలి రాదంటాడొకడు, డీజిలు రాదంటాడొకడు.
ఫైలుకు మనమిచ్చే మూడింటినీ
ఆర్గ్యుమెంట్లు అనేవాడు హేమాద్రి.
జగడానికి కూడా అదే మాట గదా అంటే
"ఇది నోరెత్తదు గదక్కా, ఇచ్చింది తీసుకుంటాది" అన్నాడు.

ఒకటో జాగాలో ఇరవై ఏడు వేసినా.
మూడో జాగా కాడ వేలు నిలబడింది.
ప్రింటరు మీద ఒక ఈగ నడస్తా ఉండాది.
చెంగల్రాయుడు భుజం మీది తువాలు తీసి మెడ తుడుచుకుని
మళ్ళీ అక్కడే వేసుకున్నాడు.
ఎంటర్.

పదమూడో ఆయనకు ఆరు.
ఆయన ముఖం చూడలేదు నేను.

సాయంత్రం మేనేజరు చీటీల కట్ట విప్పినాడు.
"ఇవేంది, ఎనిమిది?"
"కిటికీ మూయలేదు సార్. అది పాతది గుర్తుపెట్టుకునింది."
పదకొండు చీటీలకు ఆ మాట నిజం.
ఆయన వేలికి ఎంగిలి అద్దుకుని లెక్కపెడతా ఉండాడు,
పది, పదకొండు, పన్నెండు,
రేటే చూస్తా ఉండాడు, తేదీ చూడలా.

ఆ రాత్రి మొత్తాలన్నీ నోటుబుక్కులో ఎక్కించుకుని
కిటికీ మూసేసినా.